మార్చిలో ట్యాంక్, జూలైలో కప్ప: హైదరాబాద్ ఇంట్లో వైవేరియం ప్లాన్ చేసుకోవడం ఎలా

కప్పను పెంచుకుంటానని చెప్పగానే మా అమ్మ అన్న మొదటి మాట: "వానాకాలంలో బాత్‌రూమ్‌లోకి వచ్చేవి సరిపోవడం లేదా?"

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. వానలు మొదలయ్యాక బాత్‌రూమ్ గోడకో, వాష్ బేసిన్ కిందో అతుక్కుని కనిపించే గోధుమరంగు కప్ప మన చెట్టు కప్పే. కాలివేళ్ల చివర గుండ్రటి మెత్తలు ఉంటాయి, టైల్స్ మీద కూడా జారదు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాన్ని పట్టి గాజుపెట్టెలో పెట్టొద్దు. అడవి నుంచో, చెరువు గట్టు నుంచో, చివరికి మీ బాత్‌రూమ్ నుంచో పట్టుకున్న కప్పను పెంచితే వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చిక్కులు రావచ్చు. దానికంటే ముఖ్యం, అది అక్కడ దోమలూ పురుగులూ తింటూ తన బతుకు తాను బతుకుతోంది. కిటికీ తీసి వదిలేయండి.

ఇక పెంపుడు కప్ప, దానికోసం మట్టి, మొక్కలు పెట్టి తయారుచేసే గాజుపెట్టె, అంటే వైవేరియం సంగతి. దీని గురించి దొరికే సమాచారంలో చాలావరకు చలి దేశాలవాళ్లు రాసిందే. హీట్ మ్యాట్ వేయండి, హీట్ బల్బు పెట్టండి, తేమ పోకుండా మూత బిగించండి అంటారు. నేనూ అదే చదివి, నాలుగో అంతస్తులో, పైన స్లాబు తప్ప ఇంకేమీ లేని గదిలో, ఏప్రిల్ నెలలో, పైన గాజు పలక మూసి ట్యాంక్ తయారు చేశాను. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి చూస్తే లోపల థర్మామీటర్ 37 చూపిస్తోంది. మనీ ప్లాంట్ ఆకులు వేడినీళ్లు పోసినట్టు వేలాడిపోయాయి. అమ్మేవాళ్లు రెండు వారాలు ఆలస్యం చేయబట్టి అప్పటికి కప్ప ఇంకా రాలేదు. వచ్చి ఉంటే ఉడికిపోయేది.

అందుకే మన ఊళ్లో ప్లాన్ అంతా మే నెల చుట్టూ తిరగాలి. ట్యాంక్‌ను ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో తయారు చేయండి. ఎండాకాలం మొత్తం కప్ప లేకుండానే నడపండి. ఆ పరీక్షలో ట్యాంక్ పాసైతే జూలైలో కప్పను తెండి. నాలుగు నెలలు ఖాళీ ట్యాంక్ చూస్తూ కూర్చోవాలా అనకండి. మొక్కలు వేళ్లూనడానికి, మట్టిలో చిన్న పురుగులు స్థిరపడటానికి ఎలాగూ ఆ సమయం కావాలి.

ముందు ఏ కప్పో తేల్చుకోండి

ట్యాంక్ కొలతలు, లోపలి అమరిక అంతా దాన్నిబట్టే ఉంటుంది. మొదటిసారి అయితే నా ఓటు వైట్స్ ట్రీ ఫ్రాగ్‌కే. పేరులో వైట్ అంటే తెలుపు కాదు, 1790లో దాని గురించి రాసిన జాన్ వైట్ పేరు. కప్ప మాత్రం ఆకుపచ్చగా ఉంటుంది. ఆస్ట్రేలియా, న్యూగినీ దీని సొంతూళ్లు. అక్కడ జనం ఇళ్లలో, నీళ్ల ట్యాంకుల్లో కూడా కాపురం పెడుతుంది కాబట్టి కాస్త ఎండను, కాస్త పొడిగాలిని తట్టుకుంటుంది. పెద్దదయ్యాక దాదాపు అరచేయంత, అంటే 7 నుంచి 11 సెంటీమీటర్లు ఉంటుంది. బాగా చూసుకుంటే 15 ఏళ్లు దాటి బతుకుతుంది. ఈ అంకెను ఇంకోసారి చదవండి. ఇప్పుడు మూడో తరగతి చదువుతున్న మీ అబ్బాయి ఉద్యోగంలో చేరేదాకా ఇది మీ ఇంట్లోనే ఉంటుంది.

ఎర్ర కళ్ల ట్రీ ఫ్రాగ్, రంగురంగుల డార్ట్ ఫ్రాగ్ ఫొటోల్లో అదిరిపోతాయి. కానీ అవి మనలాంటి పొడి ఊళ్లో మొదటిసారి పెంచేవాళ్లకు కావు. పైగా ఆ రెండూ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. అలాంటి జాతులను పెంచేవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఏ కప్ప అయినా బిల్లు లేకుండా కొనొద్దు. ఇక్కడే పెంపకంలో పుట్టిందని రాసివ్వమని అడగండి, నసిగితే వచ్చేయండి. ప్యాక్‌మ్యాన్ ఫ్రాగ్ అయితే మట్టిలో కూరుకుని కూర్చునే రకం. ఎత్తు ట్యాంక్, కొమ్మలు దానికి దండగ. కింద చెప్పేదంతా చెట్టెక్కే కప్పకే.

రెండు జాతులను ఒకే ట్యాంక్‌లో కలపొద్దు. ఒకే జాతిలో కూడా చిన్నదాన్ని, పెద్దదాన్ని కలిపితే పెద్దది చిన్నదాన్ని మింగడానికి చూస్తుంది. కప్పల తక్కెడ అని ఊరికే అనలేదు.

ట్యాంక్, దాని చోటు

రెండు కప్పలకు ఒకటిన్నర అడుగు పొడవు, ఒకటిన్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు చాలు. నగరంలో అక్వేరియం షాపుల్లో చాలావరకు కొలత ఇస్తే చేసిస్తారు. కాకపోతే వాళ్లు చేసేది చేపల తొట్టి, మీకు కావాల్సింది వేరు. అందుకే కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళ్లండి. తలుపు ముందువైపు తెరుచుకోవాలి. పైనుంచి చెయ్యి పెడితే కప్ప దాన్ని తనను ఎత్తుకుపోయే పక్షి అనుకుని బెదురుతుంది. తలుపు కింద అడ్డంగా రెండంగుళాల మెష్ పట్టీ ఉండాలి, పైకప్పు సగానికి పైగా మెష్‌తోనే ఉండాలి. కింద నుంచి గాలి లోపలికి వెళ్లి, వేడెక్కి, పై మెష్ గుండా బయటికి పోతుంది. ఈ ఒక్క ఏర్పాటే మే నెలలో మీ కప్పను కాపాడేది. గరుకు ఇనుప జాలీ వేయిస్తే కప్ప ముక్కు రాసుకుని పుండు పడుతుంది. సన్నటి ఫైబర్ దోమతెర జాలీ మేలు. అడుగు పలకలో ఒక మూల చిన్న రంధ్రం పెట్టించి ట్యాప్ బిగించుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

నేను వెళ్లిన షాపతను బొమ్మంతా చూసి, "అన్నా, హీటర్ కూడా తీస్కో, కప్ప కదా, వేడి కావాలె" అన్నాడు. "మే నెలల మా ఇంటికి రా తమ్మీ, వేడి ఫ్రీగా ఇస్తా" అన్నాను. హీటర్ కొనలేదు. ఇప్పటిదాకా దాని అవసరమే పడలేదు. చలికాలంలో బయట 13, 14కి దిగినా కిటికీలు మూసిన గదిలో అంత చలి ఉండదు. రాత్రి 18కి తగ్గకపోతే ఈ కప్పకు ఇబ్బంది లేదు.

చోటు విషయంలో రాజీ పడొద్దు. పై అంతస్తు అయితే స్లాబు వేడి కిందికి దిగుతుంది కాబట్టి ట్యాంక్‌ను ఎత్తు స్టాండ్ మీద పెట్టకండి. నేలకు అడుగు ఎత్తులో, ఉత్తరం గోడకు ఆనించి పెట్టండి. పడమటి గోడ వద్దు. కిటికీ ఎండ నేరుగా పడే చోటు అసలే వద్దు, గాజుపెట్టెలో పది నిమిషాల ఎండ చాలు ప్రాణం తీయడానికి. వంటగది పక్కన వద్దు, పోపు ఘాటు మనకే ఆగదు. పూజగది పక్కనా వద్దు, అగరుబత్తి, సాంబ్రాణి పొగ రోజూ తగులుతుంది.

అడుగు పొరలు

అడవిలో వాన నీరు ఇంకిపోతుంది. గాజుపెట్టెలో ఇంకడానికి చోటు లేదు, మీరే కల్పించాలి. అందుకే అడుగున 5 సెంటీమీటర్ల మందాన నర్సరీలో దొరికే క్లే బాల్స్, అంటే కాల్చిన మట్టి ఉండలు పోయండి. అవి లేకపోతే పగిలిన కుండ పెంకులు, కడిగిన గులకరాళ్లు కూడా పనిచేస్తాయి. దాని మీద దోమతెర జాలీ ముక్క పరవండి, మట్టి కిందికి జారకుండా. పైన పోసిన నీళ్లు ఇక్కడికి దిగి నిలుస్తాయి. ఆ మూల ట్యాప్ ఇందుకే. పదిహేను రోజులకోసారి తిప్పి వదిలేస్తే మట్టి కుళ్లదు. ట్యాప్ లేకుండా చేసిన నా మొదటి ట్యాంక్ మూడో వారానికి మురిక్కాలువ వాసన కొట్టింది.

జాలీ మీద 7, 8 సెంటీమీటర్ల మట్టి. నేను వాడే కొలత: కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) నాలుగు పాళ్లు, చీకిన ఆకు మట్టి రెండు, కడిగిన ముతక ఇసుక ఒకటి, నలగ్గొట్టిన కట్టెబొగ్గు ఒకటి. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది. కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుంది కాబట్టి ఆ ఉప్పు నేరుగా దాని ఒంట్లోకి పోతుంది. ఇటుకను బకెట్‌లో నానబెట్టి, పాత చున్నీలో మూటకట్టి పిండండి. మొదటిసారి నీళ్లు ఇరానీ చాయ్‌లో డికాక్షన్ అంత చిక్కగా వస్తాయి. మూడోసారికి పల్చబడతాయి. నాలుగోసారి కూడా పిండి అప్పుడు వాడండి. బాత్‌రూమ్ నేల ఎర్రబడుతుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది.

రెడీమేడ్ పాటింగ్ మిక్స్ వద్దు, అందులో ఎరువులు కలిపి ఉంటాయి. పైగా అందులో ఉండే పెర్లైట్ అనే తెల్ల గుళికలను పురుగులతోపాటు కప్ప మింగేస్తుంది.

మట్టి మీద ఎండాకులు పరవాలి. నాటు బాదం చెట్టు మన కాలనీల్లో సందుకొకటి ఉంటుంది. రాలిన పెద్ద పెద్ద ఆకులను ట్రాఫిక్ లేని చోట ఏరుకొచ్చి, కడిగి, మేడ మీద రెండ్రోజులు ఎండబెట్టండి. పనస, జామ ఆకులైనా ఫర్వాలేదు. వేపాకు, కానుగాకు మాత్రం తేకండి. రెంటి నూనెనూ పంటల మీద పురుగుమందుగా కొడతారు. మన రోడ్ల పక్కన ఎక్కువగా ఉండేది కానుగే కాబట్టి ఆకు గుర్తుపట్టి ఏరండి.

ఇప్పుడు పారిశుధ్య సిబ్బంది. స్ప్రింగ్‌టెయిల్స్ అని ఆవగింజలో సగం కూడా లేని తెల్ల పురుగులు బూజును, కప్ప రెట్టను తిని శుభ్రం చేస్తాయి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. నీడలో ఉన్న కుండీ కింద తడి ఆకు ఎత్తి చూడండి, తెల్లగా చిటుక్కున ఎగిరేవి అవే. ఒక డబ్బాలో తడి బొగ్గు ముక్కలు వేసి, వాటిని వదిలి, నాలుగు బియ్యపు గింజలు చల్లి మూత పెడితే నెలలో వందలవుతాయి. చీమలు, జెర్రులు కలిసి రాలేదని చూసుకున్నాకే ట్యాంక్‌లో పోయండి.

మొక్కలు, కొమ్మలు

పెద్ద కప్ప ఆకు మీద కూర్చుంటే సున్నితమైన ఫెర్న్ చదునైపోతుంది. మనీ ప్లాంట్, సింగోనియం, స్నేక్ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్ దాని బరువును ఓర్చుకుంటాయి, వెలుగు తక్కువైనా బతుకుతాయి. ముళ్ల మొక్క ఏదీ వద్దు. మొయినాబాద్, చేవెళ్ల దారిలో నర్సరీలు వరసగా ఉంటాయి, ఓ ఆదివారం అటు వెళ్లండి. కాకపోతే నర్సరీ మొక్కకు మందు కొట్టి ఉంటారని ముందే అనుకోండి. మట్టిలో గుళికల మందు కూడా ఉండొచ్చు. ఇంటికి తెచ్చాక వేళ్లకున్న మట్టంతా కుళాయి కింద కడిగేసి, శుభ్రమైన కోకోపీట్‌లో నాటి, కనీసం నెల రోజులు బయటే ఉంచండి. మార్చిలో మొదలుపెట్టమన్నది ఇందుకు కూడా.

కొమ్మలకు జామను మించింది లేదు. గట్టిగా, నున్నగా, వంకర్లు తిరిగి ఉంటుంది. కప్ప నడుమంత లావున్నవి తీసుకుని, మరిగే నీళ్లు పోసి కడిగి, మేడ మీద వారం ఎండబెట్టండి. ట్యాంక్‌లో ఒకటి ఏటవాలుగా, ఇంకొకటి పై భాగంలో అడ్డంగా బిగించండి. పగలు కప్ప నిద్రపోయేది ఆ పై కొమ్మ మీదే, కాబట్టి దాని వెనక ఆకుల చాటు ఉండాలి. వెనక గాజుకు అక్వేరియం సిలికాన్ రాసి కోకోపీట్ అద్దితే చెట్టు మానులా కనిపిస్తుంది. బూజు పట్టని రకం అని రాసి ఉన్న బాత్‌రూమ్ సిలికాన్ కొనకండి, అందులో మందు కలుపుతారు. పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కనీసం మూడ్రోజులు, తెరిచి ఆరనివ్వండి.

లైటు విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. మొక్కలకు పగటి వెలుగులాంటి తెల్లటి 6500కె ఎల్‌ఈడీ, కప్పకు తక్కువ స్థాయి యూవీబీ (అతినీలలోహిత కాంతి) ట్యూబ్, రెండింటికీ పన్నెండు గంటల టైమర్.

నీళ్లు

మంజీరా, కృష్ణా, గోదావరి ఏ నీళ్లొచ్చినా క్లోరిన్‌తో వస్తాయి. అది కప్ప చర్మాన్ని కాలుస్తుంది. బకెట్‌లో రాత్రంతా మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. అయినా అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడమే భద్రం. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ సున్నం ఎక్కువ. వాటిని స్ప్రే చేస్తే నెలకే గాజు తెల్ల మరకలతో నిండిపోయి లోపల కప్ప ఉందో లేదో కనిపించదు. అందుకే స్ప్రేకు ఆర్‌ఓ నీళ్లు, గిన్నెలోకి చుక్కలు వేసిన కుళాయి నీళ్లు. వేసవిలో ట్యాంకర్ నీళ్లు వాడాల్సి వస్తే ఆ రోజుల్లో చుక్కలు మర్చిపోవద్దు.

గిన్నెగా వెడల్పాటి మట్టి మూకుడు పెట్టండి. ఎండాకాలం రంజన్లు అమ్మేవాళ్ల దగ్గరే దొరుకుతుంది. రంజన్‌లో నీళ్లు చల్లబడ్డట్టే ఇందులోనూ రెండు డిగ్రీలు తగ్గుతాయి. కప్ప కూర్చుంటే నీళ్లు దాని గడ్డం దాటకూడదు. రోజూ మార్చాలి. సబ్బుతో తోమకండి, మట్టి పీల్చుకుంటుంది. వేడినీళ్లు, కొబ్బరి పీచు చాలు.

మే నెల పరీక్ష

వేడిని, తేమను చూపించే డిజిటల్ థర్మో హైగ్రోమీటర్లు రెండు కొనండి. ఒకటి కింద మట్టి దగ్గర, ఒకటి పై కొమ్మ దగ్గర. ఏప్రిల్ నుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి చూసి రాసుకోండి. పగలు 24 నుంచి 29 మధ్య, తేమ 50 నుంచి 70 శాతం ఉండాలి. 30 దాటితే ఏదో ఒకటి చేయాలి. 32 పైన గంటల తరబడి ఉంటే ఆ చోటు కప్పకు పనికిరాదని అర్థం, ట్యాంక్‌ను ఇంట్లో ఇంకో చోటికి మార్చండి.

మన వేసవి గాలి పొడిగా ఉంటుంది. ఇక్కడ మనకు కలిసొచ్చేది కూడా అదే. తడి ఆరేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. పై మెష్ మీద చిన్న కంప్యూటర్ ఫ్యాన్‌ను గాలి బయటికి పోయేలా పెట్టి, పొద్దున, సాయంత్రం, మధ్యాహ్నం ఒకసారి స్ప్రే చేస్తే మా ఇంట్లో మూడు, నాలుగు డిగ్రీలు తగ్గింది. గదిలో కూలర్ ఉంటే ఇంకా సుఖం, చల్లదనం, తేమ రెండూ ఒకేసారి వస్తాయి. ఏసీ చల్లబరుస్తుంది కానీ గాలిని ఎండగడుతుంది, కాబట్టి ఏసీ గదిలో స్ప్రే పెంచాలి. కరెంటు పోయిన మధ్యాహ్నం కోసం ఫ్రీజర్‌లో రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు ఎప్పుడూ ఉంచండి. గుడ్డ చుట్టి మెష్ మీద పడుకోబెడితే చల్లగాలి కిందికి దిగుతుంది. ట్యాంక్ లోపల ఐసు పెట్టకండి.

జూన్ దాటి వానలు పడ్డాక లెక్క మారుతుంది. గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఫ్యాన్‌తో పెద్దగా చల్లబడదు, అదృష్టవశాత్తు చల్లబరచాల్సిన అవసరమూ అంతగా ఉండదు. అప్పుడు స్ప్రే తగ్గించండి. పొద్దున కొట్టిన స్ప్రే మధ్యాహ్నానికి గాజు మీద ఆరిపోవాలి. ఎప్పుడూ చిత్తడిగా ఉంటే ఈ కప్పకు చర్మరోగాలు వస్తాయి.

మన ఇళ్లలోని విషాలు

దోమల మందు గురించి ఎంత చెప్పినా తక్కువే. మస్కిటో కాయిల్, లిక్విడ్ వేపరైజర్, బొద్దింకల స్ప్రే, చీమల మందు చాక్‌పీస్, ఏదీ ఆ గదిలో వాడొద్దు. కిటికీలకు జాలీ కొట్టించండి, దోమల బ్యాట్ పెట్టుకోండి. వానాకాలంలో సాయంత్రం వీధిలో ఫాగింగ్ మిషన్ చప్పుడు వినగానే కిటికీలు మూసి, ట్యాంక్ మీద తడి దుప్పటి కప్పి, పొగ పూర్తిగా పోయాకే తీయండి. నేల ఫినాయిల్‌తో తుడిచే అలవాటుంటే ఆ గదికి మాత్రం ఉత్తి నీళ్లే అని ఇంట్లో పనికి వచ్చే అక్కకు రెండుసార్లు చెప్పండి. మీ చేతికి శానిటైజర్, లోషన్ ఉన్నా కప్పను ముట్టుకోవద్దు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది.

కప్ప వచ్చే ముందు

తిండి దొరికే దారి ముందే చూసుకోండి. కీచురాళ్లు, మేత కోసం పెంచే డూబియా బొద్దింకలు ముఖ్యమైన తిండి. సూపర్‌వార్మ్స్ అనే లావుపాటి పెంకుపురుగు లార్వాలు అప్పుడప్పుడు. వంటింటి బొద్దింకలు వద్దు, అవి ఎవరింట్లో ఏ మందు తిని వచ్చాయో. కీచురాళ్లకు ముందురోజు క్యారెట్, తోటకూర పెట్టి, వేసేముందు విటమిన్ డీ3 ఉన్న క్యాల్షియం పొడిలో దొర్లించాలి. పెద్ద కప్పకు వారానికి రెండు మూడుసార్లు చాలు. ఇది తిండిపోతు, పెట్టిన కొద్దీ తిని ఊరిపోతుంది. కీచురాయి ఒకటి తప్పించుకుని సోఫా కింద దూరితే రాత్రంతా కచేరీయే. మగ కప్ప అయితే తొలకరి చప్పుడుకు అది కూడా గొంతు కలుపుతుంది, పక్క ఫ్లాట్‌వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కప్పను చూసే డాక్టరు కూడా ముందే తెలిసి ఉండాలి. కుక్కల డాక్టర్లందరూ కప్పను చూడరు, ఫోన్ చేసి కనుక్కోండి.

కొన్న కప్ప నేరుగా ఆ అందమైన ట్యాంక్‌లోకి వెళ్లకూడదు. గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ టబ్బులో తడి టిష్యూ పేపర్, నీళ్ల గిన్నె, ఒక ప్లాస్టిక్ తీగ పెట్టి నెల రోజులు విడిగా ఉంచండి. తింటోందా, రెట్ట గట్టిగా ఉందా, చర్మం ఎర్రబడుతోందా, పొరలు పొరలుగా ఊడుతోందా అని టిష్యూ మీద తేలిగ్గా తెలుస్తుంది. ఈ జాగ్రత్త వెనక పెద్ద భయమే ఉంది. కైట్రిడ్ అనే ఫంగస్ ప్రపంచమంతా ఎన్నో కప్ప జాతులను తుడిచిపెట్టింది, పెంపుడు కప్పల వ్యాపారం కూడా అది పాకిన దారుల్లో ఒకటి. మన అత్తాపూర్ దగ్గరున్న, అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల మీద పరిశోధన చేసే లాకోన్స్ శాస్త్రవేత్తలు కూడా దీన్ని గుర్తించే పరీక్షల మీద పనిచేశారు. అందుకే ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లు చెరువులోకో, తోటలోకో పోయకండి. పారేసే మట్టిని ఎండలో బాగా ఎండబెట్టి చెత్తలో వేయండి. పెంచడం కుదరకపోతే ఇంకో పెంపకందారుకు ఇవ్వండి గానీ ఏ చెరువు గట్టునా వదలకండి.

నెల గడిచాక సాయంత్రం పూట, లైటు ఆరిపోయే ముందు, టబ్బును ట్యాంక్ లోపల పెట్టి మూత తీసేయండి. చేత్తో పట్టుకోనక్కర్లేదు, దానంతటదే ఎక్కుతుంది. మూడు నాలుగు రోజులు కనిపించకపోవచ్చు, కొమ్మలు కదిపి వెతకొద్దు. పొద్దున మూకుడులో నీళ్లు మురికిగా ఉన్నాయంటే రాత్రి దిగి స్నానం చేసి వెళ్లిందన్నమాట. మూకుడు కడిగి, కొత్త నీళ్లు పోసి, తలుపు వేసేయండి.